ప్రథమ పురుష ఎందుకు ప్రథమం?

కథను "నేను"తో చెబితే ఉత్తమ పురుష, "అతను"తో చెబితే ప్రథమ పురుష. ఇంగ్లిషు వ్యాకరణం చదివినవాళ్లు ఇక్కడే తికమక పడతారు. వాళ్ల లెక్కలో మొదటిది "నేను". మన లెక్క పాణిని నాటిది. భవతి, భవసి, భవామి అని వరస: అతను ముందు, నువ్వు నడుమ, నేను చివర. "ఉత్తమ" అంటే శ్రేష్ఠమనే కాదు, చిట్టచివరిదని కూడా. "నేను"కు ఆ పేరుతో వచ్చిన గొప్పేమీ లేదు.

అనంతపురం కథకులకు ఈ ఎంపిక యాసతో ముడిపడింది. చెనక్కాయ విత్తి మోడం కోసం ఎదురుచూసే రైతు "నేను" అన్నాడంటే కథంతా ఆయన నోటి మాటలోనే నడవాలి. పుస్తకభాష ఒక్క వాక్యం దూరినా పట్టుబడుతుంది. "అతను" అంటే వెసులుబాటు: సంభాషణలో యాస, కథనంలో పత్రికల భాష. నాకది కాస్త పిరికి ఏర్పాటుగానే తోస్తుంది. "శప్తభూమి"కి 2019 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి తన మరో నవలకు "గద్దలాడతండాయి" అని పేరు పెట్టారు. అక్కడ క్రియ ప్రథమ పురుషలోనే ఉంది, అయినా యాస వదల్లేదు.