తప్పు, ఓలి, క్షమ

మన్యంలో దాంపత్యానికి కట్టుబాటు నేర్పింది చర్చేనని మిషన్ చరిత్రలు రాసుకుంటూ వచ్చాయి. కొండవాళ్ళ స్వేచ్ఛను చెరిపేసింది కూడా చర్చేనంటారు వాటిని కాదనేవాళ్ళు. ఈ రెండు వాదాల మధ్య అసలు సంగతి జారిపోయింది. ఆలుమగల్లో ఒకరు దారి తప్పాక కాపురం మళ్ళీ నిలబడాలంటే ఎవరు దిగిరావాలి?

తొలిదశ తెలిసిందే. 1846లో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన కతోలిక గురువులు విశాఖ చేరారు. 1880ల్లో బ్రెక్లుమ్ మిషన్ లూథరన్లు సాలూరు, కోరాపుట్ వైపు కొండలెక్కారు. వ్యభిచారం చేసినవాళ్ళను ప్రభువు బల్లకు దూరం పెట్టడం, సంఘం ఎదుట ఒప్పుకుంటే తిరిగి చేర్చుకోవడం మిషన్ సంఘాల ఆనవాయితీ.

అయితే వాళ్ళొచ్చేసరికే ఇక్కడ ఒక పద్ధతి ఉంది. అరకు, పాడేరు కొండల్లో మగపెళ్ళివారే ఓలి, అంటే పిల్లకు కట్టే సొమ్ము, ఇస్తారు. పెళ్ళాం మరొకడితో వెళ్ళిపోతే కులపెద్దలు కూర్చుంటారు, కొత్త మగడు పాత మగడికి ఓలి సొమ్ము లెక్కగట్టి ఇస్తాడు, మారుమనువు ఖాయమవుతుంది. కలిసే ఉంటామంటే తప్పు కట్టాలి: డబ్బో, మేకో, జీలుగు కల్లో. ఊరు తిని తాగిందంటే తగువు తెగినట్టే. ఆడమనిషిని సొమ్ముతో కొలిచే ఈ పద్ధతిని వెనకేసుకురానక్కర్లేదు. కానీ ఆమెకు గడప దాటే వీలుండేది.

ఆ వీలు పోవడంలో సువార్త కంటే 1869 నాటి విడాకుల చట్టం పాత్రే పెద్దదిగా కనిపిస్తుంది. క్రైస్తవ భార్య తప్పు చేస్తే విడాకులకు భర్తకు అదొక్కటే సరిపోయేది. భర్త తప్పు చేస్తే మాత్రం భార్య దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేయడమో, అలాంటి మరొకటో రుజువు చేయాల్సి వచ్చేది. జిల్లా కోర్టు డిక్రీని హైకోర్టు ఖాయపరచాల్సి ఉండేది. అనంతగిరి ఇల్లాలు మద్రాసు దాకా ఎలా పోయేది? కాపురం కొనసాగిస్తేనో, మళ్ళీ మొదలుపెడితేనో తప్ప మన్నించినట్టు కాదంటుంది ఆ చట్టం 14వ సెక్షన్. అలా మన్నిస్తే ఆ తప్పు మీద విడాకులు దొరకవు. చట్టం ఒక్కటే ఇదంతా చేసిందనడం అతి. గుడిలో పెళ్ళయిన మనిషి మారుమనువు చేసుకుంటే చర్చి దాన్నే వ్యభిచారమంది. రెండూ కలిశాయి. వెళ్ళే దారి లేని భార్య ఊరుకుంటే, దానికే క్షమ అని పేరొచ్చింది.

1983 కతోలిక ధర్మశాస్త్రం కొంత నయం. 1152వ నియమం క్షమించమని గట్టిగా చెబుతూనే, నిర్దోషికి వేరుండే హక్కిచ్చింది. తప్పు తెలిసీ అధికారులెవరికీ ఫిర్యాదు చేయకుండా ఆరు నెలలు కలిసి కాపురం చేస్తే మన్నించినట్టు భావిస్తుంది. నమ్మకం కుదురుకోవడానికి వ్యవధి కావాలని కనీసం ఒప్పుకుంది.

1995లో కేరళ, 1997లో బొంబాయి హైకోర్టులు పాత చట్టంలోని వివక్షను తప్పుపట్టాయి. 2001 సవరణతో భార్యాభర్తలకు ఒకే కొలత వచ్చింది. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన జోసెఫ్ షైన్ తీర్పుతో వ్యభిచారం నేరం కాకుండా పోయింది, విడాకులకు కారణంగా మాత్రం నిలిచింది.

దారి తెరుచుకుంది కాబట్టి ఇప్పటి క్షమ మరింత నిజమైనదని అనుకోవాలనే ఉంటుంది. పరిస్థితి అలా లేదు. కల్లు మాన్పించిన సంఘాలు దాంతోపాటు నలుగురి ఎదుట తప్పు కట్టే పద్ధతినీ వదిలేశాయి. దాని చోటులోకి వచ్చింది పాస్టరు గదిలో ప్రార్థన, ఇంటిగుట్టు బయటపెట్టొద్దన్న హితవు. మోసపోయినవాళ్ళు అడిగే ప్రశ్నలకు మోసం చేసినవాళ్ళు జవాబు చెప్పే చోటు అందులో లేదు. బైబిల్లోని హోషేయ గ్రంథంలో దారి తప్పింది భార్య, 15 తులాల వెండీ యవలూ ఇచ్చి తెచ్చుకున్నది భర్త. ఓలి ఎరిగిన కొండవాళ్ళకు ఆ బేరం విడమర్చి చెప్పక్కర్లేదు. ప్రసంగాల్లో మాత్రం ఆ కథ చెప్పి ఓర్చుకోమనేది ఎక్కువగా భార్యలనే.