రెండు తాళాల పెట్టె

వంశవృక్షం గీయటం వేరు, చరిత్ర రాయటం వేరు. ఇంగ్లండు పల్లెల చర్చి రిజిస్టర్లు తిరగవేసేవారు ఈ భేదాన్ని మొదటనే గుర్తించాలి. తాతముత్తాతల పేర్లకోసం వెదికేవారికి పేరు దొరకగానే పని ముగుస్తుంది. చరిత్రకారుడి పని అక్కడే మొదలవుతుంది. ఆ పేరు ఎవరు రాయించారు? ఎందుకు రాయించారు?

రాయించింది ప్రభుత్వం. 1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రాంవెల్ ప్రతి పారిష్‌కూ, అంటే ఒక చర్చి పరిధిలోని ప్రతి ఊరికీ, ఉత్తరువు పంపాడు. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, భూస్థాపనలు వారం వారం పుస్తకంలో ఎక్కించాలి. పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో ఉంచాలి. ఒక తాళంచెవి పాదిరీ దగ్గర, రెండవది చర్చి పెద్దల దగ్గర. ఇది కొత్త పన్నుకు ఎత్తు అని జనం అనుమానించారు. 1695లో ఒకసారి, 1783లో మరొకసారి ఆ అనుమానం నిజమయింది. 1783 చట్టం రిజిస్టరులో ఎక్కే ప్రతి పేరుకూ 3 పెన్నీల పన్ను వేసింది. దరిద్రులకు మాత్రం మినహాయింపు. అందుచేత 1794లో ఆ పన్ను రద్దయ్యేవరకు అనేక పేర్ల పక్కన ‘దరిద్రుడు’ అన్న మాటో, ఇంగ్లీషు ‘పి’ అక్షరమో కనబడుతుంది.

ఆ అక్షరం కాగితంమీదనే ఆగలేదు. 1601 చట్టం ప్రకారం పారిష్ తన బీదలను తానే పోషించాలి. ఖర్చును ఆస్తిగలవారినుంచి వసూలు చేయాలి. ఆస్తిగలవారు ఖర్చు తగ్గించే దారులు వెదికారు. 1662 చట్టం వారికి ఒక ఆయుధమయింది. ఏడాదికి 10 పౌన్లకు తక్కువ అద్దె ఇంట్లో చేరిన పరాయి ఊరివాడు రేపు తమకు భారమవుతాడనుకుంటే, 40 రోజులలోగా ఫిర్యాదుచేసి వెళ్లగొట్టించవచ్చు. 1697లో మరొక చట్టం వచ్చింది: సహాయం పొందేవాడు, భార్యాబిడ్డలతోసహా, కుడిభుజంమీద ఎర్రగుడ్డతోనో నీలిగుడ్డతోనో చేసిన ‘పి’ అక్షరం ధరించాలి. 1810 వరకు ఈ చట్టం రద్దుకాలేదు.

అయితే పాలకుడు రాసుకున్నది పాలకుడికే సాక్ష్యం చెప్పాలని నియమం లేదు. డెవన్‌లోని కోలిటన్ పారిష్ రిజిస్టర్లు 1538 నుంచీ ఉన్నాయి. ఇ. ఎ. రిగ్లీ వాటిలోని పేర్లను కుటుంబాలుగా జతపరచి 1966లో ఒక అధ్యయనం ప్రకటించాడు. 1645-46లో ఆ ఊరిని మహమ్మారి ఊడ్చివేసింది. తర్వాత సుమారు డెబ్బయి ఏళ్లపాటు అక్కడి స్త్రీల తొలి వివాహపు సగటు వయస్సు దాదాపు 30 సంవత్సరాలు! బీదలకు సహాయంచేస్తే సంసారం మోయలేనివారు కూడా పెళ్లిళ్లు చేసుకుంటారని 1798లో వాదించిన మాల్థస్ తానూ ఒక పాదిరీయే. సామాన్యులు తమ స్థితిగతులనుబట్టి పెళ్లి వాయిదా వేసుకోగలరనే నిజం అతని బోటివారి పెట్టెలలోనే పడి ఉంది.

ఈ పద్ధతికీ ఒక లోపం ఉంది. పుట్టిన ఊళ్లోనే పెళ్లాడి, అక్కడే మరణించినవారి కథ మాత్రమే పూర్తిగా దొరుకుతుంది. కూలికోసం ఊరు విడిచినవాడు రిజిస్టరునుంచి జారిపోతాడు. అతడు మరొకచోట కనబడతాడు, న్యాయాధికారుల విచారణ కాగితాలలో. ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పనిచేశావు, జీతమెంత అని వారు అడిగారు, అతడు చెప్పాడు, గుమాస్తా రాశాడు. అతన్ని వెళ్లగొట్టటానికి రాసిన ఆ కాగితమే ఈనాడు అతని జీవితచరిత్ర. రిజిస్టరునూ దాన్నీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే ఊరు పూర్తిగా కనిపిస్తుంది.

ఆ పుస్తకాలు చాలావరకు ఇప్పుడు కౌంటీ దస్తావేజు కార్యాలయాలలో అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఇనుప తాళాలు పోయాయి. మన పూర్వీకుడెవరు అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే మాత్రం పెట్టె సగమే తెరిచినట్టు. అతని భుజంమీద ఆ అక్షరం కుట్టించింది ఎవరు అని కూడా అడగాలి.