మైళ్ళు కాదు, గడియారం



ప్రత్యేక సంచికకు కోనసీమ చరిత్రలో ఏదైనా ఒక ముచ్చట వ్రాయమని మన కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర వ్రాసే పాండిత్యం నాకు లేదు. కేంద్ర ప్రభుత్వ శాఖలో గుమాస్తాగా చేరి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసినది టీఏ బిల్లుల చరిత్రే.

పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే అమలాపురం నుండి కాకినాడ సుమారు 50 కిలోమీటర్లు. మధ్యలో గౌతమి. మన సర్వీసు రోజుల్లో అందరూ ఎరిగిన దారులు రెండు. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, కోటిపల్లిలో దిగి, రామచంద్రపురం మీదుగా బస్సులో పోవడం ఒకటి. రావులపాలెం వెళ్ళి, వంతెన మీద జొన్నాడ చేరి, చుట్టు తిరిగి పోవడం రెండవది. ఇది దాదాపు 100 కిలోమీటర్లు.

1984 వర్షాకాలంలో ఆఫీసు పనిమీద వెళ్ళి, రావులపాలెం దారికి బిల్లు పెట్టాను. దగ్గరి దారి కోటిపల్లి మీదుగా ఉండగా ఈ దారి ఎందుకని ఆడిట్ అభ్యంతరం వచ్చింది. గోదావరి పోటు మీద ఉంటే పంటు కట్టేస్తారన్న సంగతి కాగితాలకేం తెలుసు? అనుబంధ నిబంధనలలో 30వది తిరగేశాను. మామూలు ప్రయాణ సాధనాలతో అన్నిటికంటే త్వరగా గమ్యం చేర్చేదే దగ్గరి దారి అని దాని సారాంశం. అంటే దూరాన్ని మైళ్ళతో గాక గడియారంతో కొలవమని రూలే చెబుతున్నది! అదే వ్రాసి పంపాను. బిల్లు పాసయింది.

ఆ రూలు అర్థం మాత్రం ఆ ఏడాది చివర తెలిసింది. ఒక రాత్రి మా అమ్మగారికి ఆయాసం ఎక్కువై, కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళమన్నారు. ఆ వేళ పంటు లేదు. పదకొండుకు అద్దె కారులో బయలుదేరి చుట్టు తిరిగి చేరేసరికి రెండు దాటింది. ఆవిడ బతికి బయటపడ్డారు. కాని దారి పొడుగునా “ఇంకా ఎంత దూరంరా?” అని అడుగుతూనే ఉన్నారు. నా దగ్గర జవాబు లేదు.

2002లో యానాం–ఎదుర్లంక వంతెన వచ్చి ఆ చుట్టు తప్పింది. మన పార్లమెంటు సభ్యుడుగా ఉండి లోక్‌సభ స్పీకరైన బాలయోగిగారు అదే ఏడాది మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆ వంతెనకు ఆయన పేరే పెట్టారు. రాజోలు వైపు వారికి దిండి–చించినాడ వంతెన పాలకొల్లు దారిని దగ్గర చేసింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పీకివేసిన కాకినాడ–కోటిపల్లి పట్టాలు 2004లో మళ్ళీ పడ్డాయి.

ఇప్పుడు మా మనవడు హైదరాబాదు నుండి మధురపూడికి విమానంలో గంటలో దిగుతాడు. అక్కడి నుండి అమలాపురం ఇంటికి రావడానికి రెండు గంటలు! “తాతయ్యా, ఆకాశం కంటే మన ఊరే దూరం” అంటాడు.

2022 ఏప్రిల్ 4న అమలాపురమే జిల్లా కేంద్రమైంది. కలెక్టరు కచేరీకి గౌతమి దాటి వెళ్ళే పని తప్పింది. మా అమ్మగారు ఉంటే ఈసారి జవాబు చెప్పేవాణ్ణి.

పంటు టిక్కెట్లు, పాత టీఏ బిల్లు నకళ్ళు దాచుకున్న మిత్రులెవరైనా ఉంటే, తేదీలతో సహా వ్రాసి సంఘానికి పంపండి. మనం పోయాక ఆ దూరాలు చెప్పేవారుండరు.