డ్రిల్లు మాష్టరు గారి పుట్టిల్లు

మన సంఘ సభ్యులలో డ్రిల్లు మాష్టర్లుగా పనిచేసినవారూ ఉన్నారు. వారి విద్యకు పుట్టిల్లు మద్రాసులోని ఒక చిన్న కళాశాల.

1920లో హారీ క్రో బక్ అనే అమెరికా దేశస్థుడు అక్కడ వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించారు. ఆయన చదివిన స్ప్రింగ్‌ఫీల్డ్ విద్యాలయంలోనే 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను రూపొందించారు. అక్కడే చదివిన విలియం మోర్గాన్ 1895లో వాలీబాల్‌ను కనిపెట్టారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు బక్ గారే మేనేజరు.

ఆడేవారితోపాటు ఆడించేవారిని తయారుచేయడం ఆ కళాశాల సంప్రదాయం. 1953 దాకా మన కృష్ణా జిల్లా మద్రాసు ఏలుబడిలోదే గనుక, అక్కడి విద్య మన బడులకు సులువుగా చేరింది. మా వత్సవాయిలో రెండు గుంజలకు వల కట్టి మేము ఆడిన వాలీబాల్ ఆ వరుసలో వచ్చినదే. మోతుబరి కొడుకైనా, పాలేరు కొడుకైనా, వంతు వస్తే సర్వీసు చేయవలసిందే. ఆ సమానత్వం మాకు పాఠ్యపుస్తకం కంటె ముందు మైదానమే నేర్పింది.

నేడు పరీక్షల పేరిట చాలాచోట్ల ఆటల పీరియడును లెక్కలు మింగేస్తున్నాయి. మనవలున్న సభ్యులారా! బడికి వెళ్లినప్పుడు మార్కులతోపాటు మరొక్క మాట అడగండి: మా పిల్లవాడు ఈ వారం ఎన్ని గంటలు ఆడాడు?