గాలి భయం, నీటి భయం

1994 ఫిబ్రవరిలో హొలాండా తుఫాను వస్తోందని రేడియోలో వినగానే నేను చేసిన మొదటి పని, సర్టిఫికెట్లూ పెళ్ళి ఫోటోలూ బియ్యం బస్తా డాబా మీది రేకుల గదిలోకి ఎక్కించడం. మారిషస్‌కి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా అత్తగారు మెట్ల కింద నిలబడి, "అక్కడ పెడితే ముందు పోయేవి అవేనమ్మాయ్!" అని ఒకటే నవ్వు.

నా తప్పేముంది? మాది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబరు 19న నాకు ఎనిమిదేళ్ళు. ఆ రాత్రి దివిసీమలో వేలమందిని మింగింది ఉప్పెన. అందుకే మా ఇంట్లో తుఫానంటే ఎత్తుకి ఎక్కడమే.

అత్తగారి తుఫాను వేరు. 1960 జనవరిలో ఆలిక్స్ వచ్చి వెళ్ళింది. ఆరు వారాలు తిరక్కుండానే, ఫిబ్రవరి ఆఖర్లో, గంటకి 256 కిలోమీటర్ల విసురుగాలితో కరోల్ వచ్చింది. అప్పుడు ఆవిడకి తొమ్మిదేళ్ళు. చెరకు తోటల పక్కన మట్టి గోడలు, గడ్డి కప్పు ఉన్న ఇల్లు. కొన్ని గంటలు గాలి కొట్టి, ఉన్నట్టుండి ఆగిపోయిందట. ఆకాశం తేటపడింది. అయిపోయిందనుకుని వాళ్ళ నాన్నగారు ఆవుని చూడటానికి బయటికి వెళ్ళారు. అది తుఫాను కన్ను. అది దాటగానే గాలి ఎదురు దిక్కునుంచి విరుచుకుపడింది. ఎగిరొచ్చిన రేకు తగిలి ఆయన కుడిచెయ్యి విరిగింది. మళ్ళీ చెరకు కత్తి పట్టలేదు.

ఈ దీవిలో ఇళ్ళ చరిత్రని కరోల్‌కి ముందు, కరోల్ తర్వాత అని చెప్పుకోవచ్చు. ప్రభుత్వం సెంట్రల్ హౌసింగ్ అథారిటీ పెట్టి కాలనీలు కట్టించింది. డబ్బు కూడగట్టుకున్నవాళ్ళు క్రమంగా సిమెంటు స్లాబుకి మారారు. పై అంతస్తు ఎప్పటికైనా వేద్దామని పైకి వదిలేసిన ఇనుప చువ్వలు మీరు ఇక్కడ ఏ వీధిలోనైనా చూడొచ్చు.

క్లాస్ వన్ హెచ్చరిక రాగానే అత్తగారు కొమ్మలు కొట్టించేవారు. క్లాస్ టూకి యాంటెనా దింపడం, బిందెలూ బకెట్లూ నింపడం, రేడియోకి కొత్త బ్యాటరీలు, కొవ్వొత్తులు, సార్డీన్ డబ్బాలు. నా వంతు పులిహోర, రెండు రోజులు నిలవుంటుందని. క్లాస్ త్రీకి బస్సులు ఆగిపోయేవి, తలుపులు బిగించేవాళ్ళం. ఇక గాలి ఆగినా సరే, రేడియో చెప్పేదాకా ఆవిడ గడియ తియ్యనిచ్చేవారు కాదు. ఎందుకో నాకు చాలా ఏళ్ళకిగానీ చెప్పలేదు.

అన్నట్టు, ఇక్కడివాళ్ళు ఒకప్పుడు మన తెలుగువాళ్ళని "కోరంగీ"లనేవారు, కోరంగి రేవునుంచి ఓడలెక్కి వచ్చారని. ఆ కోరంగిని 1839లో తుఫాను ఉప్పెనే నాశనం చేసింది. ఆ మాట చెప్తే అత్తగారు నమ్మలేదు. "సముద్రం ఊళ్ళోకి రావడమేమిటి?" అన్నారు.

కానీ 2013 మార్చి 30న పోర్ట్ లూయిస్‌లో, తుఫాను లేకుండానే, వాన నీటికి పదకొండుమంది చనిపోయారు. చుట్టూ కొండలు, కింద ఊరు. కొండమీద పడ్డ నీళ్ళు ఇంకడానికి మట్టి ఎక్కడుంది? గాలికి భయపడి పోసుకున్న సిమెంటే నీటికి దారి లేకుండా చేసిందని నా అభిప్రాయం. ఇంజనీరైన మావారు పూర్తిగా ఒప్పుకోరు, కాలువల తప్పు కూడా ఉందంటారు.

2024 జనవరి 15న బెలాల్ తుఫాను వచ్చినప్పుడు అదే ఊళ్ళో కార్లు కాగితం పడవల్లా కొట్టుకుపోయాయి. మేం టీవీలో చూస్తున్నాం. డెబ్భై మూడేళ్ళ అత్తగారు కొవ్వొత్తులు లెక్కపెట్టడం ఆపి నావైపు తిరిగారు.

"అమ్మాయ్, ఆ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి? పైన ఎక్కడైనా పెట్టు."