చెంబూ, చేదతాడూ: తాండూరు గంజ్ చెప్పే చరిత్ర

చెంబూ, చేదతాడూ పట్టుకొని వచ్చి లక్షాధికారి అయ్యాడు - మార్వాడీ వర్తకుణ్ణి గురించి దేశమంతటా ప్రచారంలో ఉన్న కథ ఇది. మెచ్చేవారు దీన్ని కష్టజీవి కథగా చెబుతారు. ద్వేషించేవారు పరాయివాడి దోపిడీ కథగా చెబుతారు. 2025లో తెలంగాణలో 'మార్వాడీ గో బ్యాక్' నినాదం లేచినప్పుడు ఈ రెండు వాదాలూ ఎదురెదురుగా నిలిచాయి. రెండింటి లోపమూ ఒకటే. మనిషి ఎక్కడినుంచి వచ్చాడో చూస్తాయి గాని, పంటకూ బజారుకూ మధ్య అతడు ఎక్కడ నిలబడ్డాడో చూడవు.

అతడు నిలబడిన చోటును నిర్మించింది రైలు. వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రాష్ట్ర రైలుమార్గం 1874లో పూర్తయింది. తాండూరు, వికారాబాదు దాని మీద స్టేషన్లయ్యాయి. అంతకుముందు ధాన్యం, ఉప్పు లంబాడీల ఎద్దుల మీద ఊరూరా నడిచేవి. రైలు వచ్చాక ఎద్దుల బిడారుకు పని పోయింది. స్టేషను పక్కన గిడ్డంగికి విలువ వచ్చింది. వాడి దగ్గర బొంబాయి మార్గం కలుస్తుంది కనుక, తాండూరు కందికి బొంబాయి బజారు అందుబాటులోకి వచ్చింది. టోకు వ్యాపారి ఈ మార్పుకు బిడ్డ. నిన్నటి రవాణాదారులు తండాల్లో కూలీలుగా మిగిలారు.

మరి చెంబుతో వచ్చినవాడికి మూలధనం ఎక్కడిది? మార్వాడీల వలసలపై 1978లో గ్రంథం రాసిన థామస్ టింబర్గ్ దీనికి జవాబిచ్చాడు. కలకత్తా వంటి నగరాల్లో కొత్తగా వచ్చిన యువకుడికి 'బాసా' అనే ఉమ్మడి భోజనశాలలో అన్నం దొరికేది. తనవారి కొఠీలో గుమాస్తాగా పద్దులు నేర్చేవాడు. తరువాత సరుకు అప్పుగా దొరికేది, హుండీ చెల్లేది. చేతిలో చెంబే ఉండవచ్చు. వెనుక మాత్రం కులబంధువుల పరపతి ఉంది. అతని శ్రమను, పొదుపును కాదనలేం. కాని ఆ శ్రమ పెట్టుబడిగా మారడానికి ఈ పరపతే నిచ్చెన.

రైతుకు ఆ నిచ్చెన లేదు. వాన మీద ఆధారపడిన కంది జూన్, జూలైలలో విత్తితే చలికాలం చివరకుగాని చేతికి రాదు. ఆ నడుమ విత్తనానికి, తిండిగింజలకు, పెళ్ళికి అప్పు కావాలి. గింజలు నాగుకు తెస్తే కోతల నాడు వడ్డీగింజలు కలిపి కొలవాలి. అందరి పంటా ఒక్కసారే గంజ్‌కు చేరి ధర పడిపోయిన రోజునే రైతు అమ్మాలి. దాచుకోగలిగినవాడు ధర పెరిగే దాకా ఆగుతాడు. టోకు వ్యాపార లాభానికి పునాది ఈ ఆగగల శక్తే. హైదరాబాదు రాజ్యంలో 1930 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటి చట్టం తూకాన్ని, వేలాన్ని అదుపులోకి తెచ్చే ప్రయత్నం చేశాయి. అయితే అడ్తిదారుకు ముందే బాకీపడిన రైతుకు వేలంలో స్వేచ్ఛ ఎక్కడిది?

ఈ పని చేసినవాడు మార్వాడీ ఒక్కడేనా? కాదు. స్థానిక కోమటి షావుకారు, కన్నడం మాట్లాడే లింగాయతు వర్తకుడు, వడ్డీకిచ్చే దేశ్‌ముఖు అందరూ ఇదే వరుసలోనివారు. తాండూరు తాలూకాయే 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉంది. రాష్ట్రాల సరిహద్దు జరగగానే నిన్నటి జిల్లావాడు పరాయి రాష్ట్రంవాడయ్యాడు. సరిహద్దు మారింది గాని, రైతు బాకీ మారలేదు.

అదే రైలు మనవాళ్ళనూ బొంబాయికి మోసింది. తెలుగునాట నుంచి వెళ్ళిన కామాటీలు ఆ నగరపు కట్టడాలకు రాళ్ళెత్తారు. కామాటిపుర అనే పేటకు పేరిచ్చారు. వారికీ చెంబూ తాడూ ఉన్నాయి. కష్టపడే గుణమూ ఉంది. లేనిది పరపతి. అందుకే అత్యధికులు కూలీలుగానే మిగిలారు. పాలమూరు మేస్త్రీ చేతిలో ముందస్తు సొమ్ము తీసుకొన్న కూలీకి దొరికిందీ అప్పే, కాని అది మెడకు ఉరి అయింది.

2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించింది. నేలకు పేరు వచ్చింది, సంతోషం. ఆ పేరు మీద వచ్చే ధర రైతుకు అందాలంటే, పంట దాచుకొనే గిడ్డంగి, దాచినంత కాలం బతకడానికి సహకార పరపతి అతని చేతికి రావాలి. ఒక వ్యాపారిని రైలెక్కించి పంపితే ఆ దుకాణంలో మరో వ్యాపారి కూర్చుంటాడు. తరిమికొట్టవలసింది మనిషిని కాదు, కల్లం దగ్గరే అమ్మక తప్పని ఆ అవసరాన్ని.