అకామా ఉన్నవాడికే దవాఖాన: నస్పూర్ ప్రాంత గల్ఫ్ వలసదారుల వైద్య హక్కుపై ఒక పరిశీలన

గల్ఫ్ వలస మీద వచ్చిన పరిశోధనను ఒక్కచోట పెట్టుకుని చదివితే ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎంతమంది పోయారు, ఎంత పంపారు, పంపిన డబ్బుతో ఇల్లు కట్టారా, బిడ్డ పెళ్లి చేశారా, బాకీ తీర్చారా అన్నవన్నీ లెక్కకు అందాయి. అక్కడ జ్వరమొస్తే ఎవరు చూశారు, నడుం పడిపోతే ఏ దవాఖానలో చేర్చారు అన్న ప్రశ్నకు మాత్రం ఈ సాహిత్యంలో చోటు చాలలేదు. మనిషి పంపిన డబ్బుకు దొరికిన గౌరవం ఆ మనిషి ఒంటికి దొరకలేదు. ఈ వ్యాసం ఆ అసంతృప్తిలోంచి పుట్టింది.

ఈ విషయంలో నా పేచీ ప్రధానంగా తిరువనంతపురం సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ సంప్రదాయంతో. కె.సి. జకరయ్య, ఎస్. ఇరుదయ రాజన్ 1998లో మొదలుపెట్టిన కేరళ వలస సర్వే ఈ రంగానికి పునాది రాయి. దాని విలువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ సర్వే యూనిట్ ఇల్లు. ఇంటి గడప దగ్గర నిలబడి అడిగిన ప్రశ్నకు ఇంటికి తెలిసిన జవాబే వస్తుంది. తిరిగొచ్చిన కారణాల పట్టికలో అనారోగ్యం ఒక వరుస, కాంట్రాక్టు ముగియడం మరో వరుస. ఈ రెండు వరుసల మధ్య గీత అంత శుభ్రంగా ఉండదన్నది నా వాదన. యూఏఈ లాంటి దేశాల్లో వీసా పునరుద్ధరణకు మళ్లీ వైద్య పరీక్ష ఉంటుంది (క్షయ విషయంలో యూఏఈ 2016లో కొంత సడలింపు ఇచ్చిన మాట నిజం). ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ పడినవాడు, రక్తపరీక్షలో పట్టుబడినవాడు ఊరికొచ్చి ఏం చెబుతాడు? "కాంట్రాక్ట్ అయిపోయింది" అంటాడు. క్షయ అంటే పెళ్లి సంబంధాలు తప్పిపోయే ఊళ్లలో ఇంకోమాట ఎందుకు చెబుతాడు? సర్వే చేసేవారు దాన్ని కాంట్రాక్టు గడిలో రాసుకుంటారు. కేరళ నమూనాను తెలంగాణకు యథాతథంగా దించుకున్నవారు ఈ పొరపాటునూ దానితోపాటే దించుకున్నారు.

మంచిర్యాల జిల్లా నస్పూర్‌ను గల్ఫ్ ఊరని ఎవరూ అనరు. గల్ఫ్ అంటే లక్సెట్టిపేట, దండేపల్లి, జన్నారం, గోదావరి అవతల ధర్మపురి, జగిత్యాల గుర్తొస్తాయి. నస్పూర్ అంటే సింగరేణి బొగ్గు కంపెనీ శ్రీరాంపూర్ ఏరియా, ఆర్కే-7, ఎస్సార్పీ-3 గనులు, సీసీసీ టౌన్‌షిప్, ఇప్పుడు కొత్త కలెక్టరేట్. అయినా ఈ ఊరినే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి ఉద్యోగాలు ఇవాళ 40 వేల దగ్గరికి తగ్గాయి. తండ్రి గనిలో దిగిన ఇంట్లో కొడుకు సౌదీకో దుబాయికో విమానం ఎక్కాడు. ఒకే కప్పు కింద రెండు రకాల కార్మికులు, రెండు రకాల వైద్యం ఉన్నాయి. ఈ పోలిక ఇక్కడ చాలా దగ్గరగా దొరుకుతుంది.

తండ్రి సంగతి చూడండి. డిస్పెన్సరీ, రామకృష్ణాపూర్ ఏరియా హాస్పిటల్, అక్కడ కాకపోతే హైదరాబాద్‌కు రిఫరల్. భార్యాపిల్లలకూ అదే. ఒంట్లో శక్తి పోతే కొత్తగూడెంలో మెడికల్ బోర్డు. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేశాక కూడా, మెడికల్ అన్‌ఫిట్ అయిన కార్మికుడి పిల్లలకు కారుణ్య నియామకాలు దక్కాయి. రిటైరైతే సీపీఆర్‌ఎంఎస్ వైద్య కార్డు. ఇవేవీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. యూనియన్లు, సమ్మెలు, ప్రాణాలు పోయిన ప్రమాదాల తర్వాత వచ్చినవి. జబ్బు చేసిన కార్మికుడి భారం కంపెనీ మోయాలి, అతని ఇల్లు రోడ్డున పడకూడదు అన్న భావన ఈ ప్రాంతంలో లోతుగా నాటుకుంది.

కొడుకు ప్రయాణం దానికి పూర్తిగా తలకిందులు. బయల్దేరక ముందే గామ్కా మెడికల్ (ఇప్పుడు వాఫిద్ అంటున్నారు). క్షయ, హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్‌లు చూస్తారు. అక్కడ దిగాక మళ్లీ పరీక్ష. ఈ పరీక్షలన్నీ వచ్చేవాడి నుంచి ఆ దేశాన్ని కాపాడటానికి పెట్టినవి. వచ్చేవాడిని కాపాడే ఏర్పాటు ఎక్కడుంది?

కాగితం మీద చాలానే ఉంది. కువైట్ 1999లో చేసిన ఒకటో నంబరు చట్టంతో విదేశీయులకు ఆరోగ్య బీమా తప్పనిసరి చేసింది. అంతకుముందు దశాబ్దాలపాటు అక్కడి సర్కారు దవాఖానలు విదేశీయులకూ ఉచితంగానే తెరిచి ఉండేవి. 2017 అక్టోబరులో విదేశీయులకు ఫీజులు బాగా పెంచారు. సౌదీలో 1999 నాటి సహకార ఆరోగ్య బీమా చట్టం ప్రైవేటు ఉద్యోగులకు బీమా చేయించే బాధ్యతను యజమాని మీద పెట్టింది. అబుదాబి 2005లో, దుబాయి 2013లో సొంత చట్టాలు చేసుకున్నాయి. షార్జా, అజ్మాన్ వంటి ఉత్తరాది ఎమిరేట్లకు 2025 జనవరి 1 దాకా ఆగాల్సి వచ్చింది. ఖతార్‌లో హమద్ మెడికల్ కార్పొరేషన్ హెల్త్ కార్డు ఉంటే సర్కారు వైద్యం చవకే. వీటిని చదివి గల్ఫ్‌లో విదేశీయుడికి వైద్యం అందుబాటులో ఉందని తేల్చే విధాన పత్రాలకు కొదవ లేదు.

ఈ చట్టాలన్నిటికీ తాళంచెవి ఒక్కటే, అకామా. నివాస అనుమతి బతికి ఉంటేనే హెల్త్ కార్డు, హెల్త్ కార్డు ఉంటేనే దవాఖాన. అకామా కొట్టించేది, రెన్యువల్ చేయించేది కఫీల్, అంటే స్పాన్సర్ యజమాని. కాబట్టి మనిషికి వైద్యం అందుతుందా లేదా అన్నది అతని యజమాని చేతిలో ఉంటుంది. ఈ ఒక్క సంగతిని బీమా గణాంకాలు పట్టుకోలేవు.

క్షేత్ర సంభాషణల్లో నాకు పదే పదే ఎదురైంది ఇదే. శ్రీరాంపూర్ కాలనీలో ఒక తాపీ కార్మికుడు చెప్పిన మాట: "అకామా అయిపోయి ఆర్నెల్లయింది. కంపెనీవోళ్లు ఇగ చేస్తం అగ చేస్తం అన్నరు. గోడ మీదికెల్లి పడ్డ. దవఖానకు పోతే కార్డు అడుగుతరు, కార్డు లేకుంటె పోలీసులు వస్తరని దోస్తులు కట్టు కట్టిన్రు." ఆయన చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఆయనకు బీమా హక్కు లేదనడానికి వీల్లేదు. చట్ట ప్రకారం ఉంది. ఉన్న హక్కును వాడుకునే మనిషిగా ఆయనకు గుర్తింపు లేదు.

ఇంటిపనికి పోయిన స్త్రీల పరిస్థితి ఇంకా ఇరుకు. వారు కార్మిక చట్టం బయట, ఇంటి గోడల లోపల ఉంటారు. దవాఖానకు పోవాలంటే కార్డు కంటే ముందు ఇంటామె అనుమతి కావాలి. కారు కావాలి, ఆమె తీరిక కావాలి. లక్సెట్టిపేట వైపు నుంచి కువైట్ పోయి వచ్చిన ఒకామె తన రెండేళ్ల వైద్యమంతా పనడోల్ గోలీయే అని చెప్పింది. తలనొప్పికీ అదే, గర్భసంచి నొప్పికీ అదే. తీరా ఇంటికొచ్చాక ఆపరేషన్ అయింది. సౌదీలో ఇంటిపనివారికి బీమా 2024 జులైలో తప్పనిసరి అయింది. అదీ నలుగురికి మించి పనివారున్న యజమానులకే. ఒక్కామెను పెట్టుకున్న ఇల్లు ఆ నిబంధన కిందికి రాదు.

ఇక "కల్లివెల్లి" అయినవారు. యజమానిని వదిలి బయట పనిచేసుకునేవారిని ఉత్తర తెలంగాణ గల్ఫ్ కుటుంబాలు ఆ మాటతోనే పిలుస్తాయి. వీరికి దవాఖాన మెట్లు ఎక్కడమే ప్రమాదం. అందుకే ఊరి నుంచి వచ్చే సంచుల్లో మామిడికాయ పచ్చడితో పాటు బీపీ గోలీలు, షుగర్ గోలీలు, నొప్పుల గోలీలు ఉంటాయి. ట్రమడాల్ లాంటి నొప్పి మందు మీద యూఏఈలో గట్టి నియంత్రణ ఉందని ఇక్కడి తల్లికి తెలియదు. కొడుకు నడుం నొప్పి ఆమెకు తెలుసు. వైద్యం అందని చోట తల్లి ప్రేమ కూడా నేరంగా మారే పరిస్థితి ఇది. కోవిడ్ కాలంలో సౌదీ రాజు 2020 మార్చిలో వీసా ఉల్లంఘించినవారికీ ఉచిత చికిత్స ప్రకటించాడు, అది గొప్ప నిర్ణయమే, కానీ కోవిడ్‌కే పరిమితం.

చావుల దగ్గరకు వస్తే మౌనం మరీ చిక్కబడుతుంది. ఇంటికి వచ్చే మరణ ధ్రువపత్రంలో తరచూ ఉండేది "సహజ మరణం" లేదా "గుండె ఆగడం". ఖతార్‌లో నేపాలీ కార్మికుల మరణాలపై 2019లో కార్డియాలజీ పత్రికలో అచ్చయిన అధ్యయనం ఈ మౌనాన్ని కొంత ఛేదించింది. 2009-2017 మధ్య గుండె జబ్బుల ఖాతాలో పడిన 571 మరణాల్లో 200 దాకా ఎండదెబ్బ నుంచి కాపాడి ఉంటే తప్పేవని ఆ పరిశోధకులు తేల్చారు. అదే ఎండలో, అదే సైట్లలో, అదే క్యాంపుల్లో మనవాళ్లూ ఉన్నారు. నేపాలీ గుండెకు జరిగింది తెలంగాణ గుండెకు జరగదనుకోవడానికి నాకే కారణమూ కనిపించదు. ఉత్తర తెలంగాణలో గల్ఫ్ మరణాల్లో పెద్ద భాగం వైద్యం అందక జరిగినవేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దీని పర్యవసానం ఏమిటంటే, గల్ఫ్ కార్మికుడి అసలు ప్రభుత్వాసుపత్రి గల్ఫ్‌లో లేదు. అది మంచిర్యాలలో, కరీంనగర్‌లో ఉంది. సెలవు మీద వచ్చినవాడు ముందు పళ్లు పీకించుకుంటాడు, రాళ్లు తీయించుకుంటాడు, నడుం స్కానింగ్ చేయించుకుంటాడు. కిడ్నీలు పాడై వచ్చినవాడు ఆరోగ్యశ్రీ కింద డయాలిసిస్ మంచమెక్కుతాడు. రియాద్‌లో, దోహాలో లేచిన భవనాల వైద్య ఖర్చులో ఒక వాటాను మన జిల్లా దవాఖానలు దశాబ్దాలుగా మోస్తున్నాయి. ఏ వలస గణాంకంలోనూ ఈ ఎదురు బాకీ రాయలేదు. పంపిన డబ్బులోంచి ఈ ఖర్చు తీసేస్తే గల్ఫ్ లాభసాటి అన్న కేరళ సంప్రదాయపు తీర్పు ఈ ప్రాంతానికి నిలవదు.

ఇక్కడా తలుపు బార్లా తెరిచి లేదు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలైంది. దానికి రేషన్ కార్డు కావాలి. కార్డుకు ఈ-కేవైసీ పెట్టినప్పుడు గల్ఫ్‌లో ఉన్నవాడు వేలిముద్ర ఎలా వేస్తాడు? పేరు పోతుందేమోనన్న దిగులు నేను మాట్లాడిన చాలా ఇళ్లలో ఉంది. అక్కడ అకామా లేక పరాయివాడైన మనిషి, ఇక్కడ కార్డులో పేరు లేక పరాయివాడవుతున్నాడు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది, మంచిదే. జబ్బుతో బతికి వచ్చినవాడికి అలాంటి లెక్క ఏదీ లేదు.

కేంద్రం 2003లో తెచ్చిన ప్రవాసీ భారతీయ బీమా యోజనను ఈ సందర్భంలో అందరూ చూపిస్తారు. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, దానిమీద పన్ను. ప్రమాద మరణానికి 10 లక్షలు, ఆసుపత్రి ఖర్చులకు లక్ష దాకా. ఇమిగ్రేషన్ క్లియరెన్స్‌తో పోయినవాడి చేతిలో పాలసీ ఉంటుంది. విజిట్ వీసా మీద పోయినవాడి చేతిలో ఉండదు. పాలసీ ఉన్నా క్లెయిమ్‌కు ఆసుపత్రి కాగితాలు అడుగుతారు. దవాఖానకే పోనివ్వని మనిషి దగ్గర డిశ్చార్జి సమ్మరీ ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి గల్ఫ్ దేశాలతో కుదిరే ప్రతి కార్మిక ఒప్పందంలోనూ రెండు షరతులు ఉండాలి. అకామా గడువు తీరినా వైద్యం ఆగకూడదు. తిరిగొచ్చే ప్రతి కార్మికుడి చేతికీ అతని వైద్య ఫైలు అందాలి. రేపు తెలంగాణలో వలస సర్వే చేసేవారు ఇంటి గడప దగ్గర ఎంత పంపాడని అడగడానికి ముందు ఆ ఫైలు ఉందా అని అడగాలి.